రాయని వరుస

4 ఫిబ్రవరి 2008, సోమవారం

ఈ డైరీ మా ఆఫీసు వకీలు గంగాకిషన్ సార్ కొత్త సంవత్సరానికి ఇచ్చింది. నెల దాటినా ఒక్క పేజీ ముట్టుకోలేదు. ఇవాళ ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే ఊపిరాడేలా లేదు.

మధ్యాహ్నం కమ్మర్‌పల్లి నుంచి లసుమవ్వ అనే ముసలామె ఆఫీసుకు వచ్చింది. మా చర్చి కాదు గాని మావాళ్లే, క్రైస్తవులు. ఆమె కొడుకు పెళ్లికి ముందు తన రెండెకరాలు తల్లి పేర వీలునామా రాశాడట. తర్వాత పెళ్లయింది. పోయిన నెల అతను చనిపోయాడు. కోడలు పొలం నాదంటోంది. నేను పక్క బల్ల మీద వేరే కేసు నోటీసు టైపు చేస్తూ వింటున్నాను.

సార్ కాగితం చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"అవ్వా, గీ వీలునామా చెల్లదు. క్రిస్టియన్లు వీలునామా రాసినంక పెండ్లి చేసుకుంటే, పెండ్లయిన దినమే అది రద్దయిపోతది. హిందువులకైతే గీ చిక్కు లేదు. మీకున్నది."

"నా కొడుకు రద్దు చెయ్యలే సారూ. నాకియ్యాలనే రాసిండు."

"ఆయన చెయ్యలే అవ్వా. పెండ్లే చేసింది."

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. సార్ అటు తిరిగి ఉన్నారు కాబట్టి చూడలేదు.

మా ఆయన ప్రభుదాస్ వీలునామా రాసింది 1999లో. మా పెళ్లయింది 2006 జనవరిలో.

మాది రిజిస్టరైన వీలునామా. ఆ ముసలామెది తెల్లకాగితం. దానికీ దీనికీ పోలిక లేదు.

5 ఫిబ్రవరి

సార్ కోర్టుకు వెళ్లాక చట్టం పుస్తకం తీసి చూశాను. రిజిస్టరైనా అంతే.

8 ఫిబ్రవరి, శుక్రవారం

పెళ్లి మాట ఎత్తిన రోజే ఆయన అంతా చెప్పారు. పింఛను కాగితం టైపు చేయించుకోవడానికి వచ్చి, సార్ బయటికి వెళ్లినప్పుడు అడిగారు.

"శ్యామలా, నేను దాపరికం చెయ్య. ఇల్లు సువార్త పేర రాసిన. నేను పోయినంక నీకు ఫ్యామిలీ పెన్షన్ వస్తది, గంతే నేను ఇయ్యగలిగేది. ఇష్టమైతేనే చెప్పు."

పోచంపాడ్‌లో ఇరిగేషన్ వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట కొలిచి మాట్లాడతారు. నాకప్పుడు నలభై రెండేళ్లు. నా మొదటి భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లలో ఈ ఆర్మూర్‌లోనే ఆరు అద్దె గదులు మారాను. ఒక గదిలో పక్కనే పసుపు గోదాము. సీజన్‌లో అన్నంలో కూడా పసుపు దుమ్మే. ఇంకో గదిలో ఒంటరి ఆడమనిషికి ఇవ్వబోమని నెలకే పొమ్మన్నారు. ఆయన అడిగినప్పుడు ఇల్లు ఎవరి పేర ఉందని నేను ఆలోచించలేదు. పొమ్మనేవాళ్లు లేని ఇల్లు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

సువార్త ఆయన కన్న బిడ్డ కాదు. కాలువ పనికి వచ్చిన కూలీ ఒకామె కాన్పులో పోతే, ఆ పసిపిల్లను ఆయనా, ఆయన మొదటి భార్య భాగ్యవ్వా ఇంటికి తెచ్చుకున్నారు. బాప్తిస్మం ఇప్పించారు. బడిలో తండ్రి పేరు ప్రభుదాస్ అని రాయించారు. దత్తత కాగితం మాత్రం లేదు. మావాళ్లకు అలాంటి చట్టమే లేదని సార్ ఎప్పుడో చెప్పారు. అందుకే భాగ్యవ్వ చనిపోయిన ఏడాదే ఆయన వీలునామా రాసి రిజిస్టరు చేయించారు.

ఇప్పుడు సువార్తకు ముప్పై రెండేళ్లు. సంబంధాలు వచ్చినప్పుడల్లా ఎవరి పిల్ల అని అడిగారు. తర్వాత రావడం మానేశాయి. ఇంటి ముందు మడిగెలో, చిన్న కొట్టు గదిలో, రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతోంది. పెళ్లికి ముందు నన్ను శ్యామలక్కా అనేది. ఇప్పుడు ఏమీ అనదు. పని ఉంటే దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

ఆయనకు చెప్పాలి. కొత్తది రాసుకుంటే సరిపోతుంది, పెద్ద పనేం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్తాను.

10 ఫిబ్రవరి, ఆదివారం

బాల్కొండ నుంచి ఆయన తమ్ముడు సాలోమోను, భార్య సాయవ్వ వచ్చారు. వాళ్లకు పసుపు ఉడకబెట్టే రోజులు. చొక్కా నిండా ఆ వాసనే. భోజనాలయ్యాక సాలోమోను మళ్లీ పాత మాటే తీశాడు.

"అన్నా, నా కొడుకులు ఇద్దరున్నరు. మన నాయిన పేరు నిలబెట్టేటోళ్లు వాళ్లే. బయటి పిల్లకు ఇల్లంత పోతే మంచిగుంటదా?"

"నా జీతంతోని కట్టిన ఇల్లు. రాసిన, రిజిస్టర్ చేయించిన. గా ముచ్చట బందు చెయ్."

సువార్త అప్పుడే చాయ తెచ్చింది. అంతా విన్నది. అయినా చిన్నాయన చేతికి గ్లాసు ఇచ్చి నవ్వింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది. ఆ నవ్వు ఆ కాగితం ఇచ్చిన నవ్వు. నేను తల దించుకున్నాను.

సాలోమోను ముందు ఎలా చెప్తాను. చెప్పలేదు.

13 ఫిబ్రవరి, బుధవారం

ఆఫీసులో పని తక్కువగా ఉన్నప్పుడు సార్‌ను మామూలుగా అడిగినట్టు అడిగాను.

"సార్, గా లసుమవ్వ కేసు లెక్కనే మా చర్చిల ఒకాయనకున్నది. వీలునామా రాసినంక రెండో పెండ్లి చేసుకున్నడు. కన్న పిల్లలు లేరు, పెంచుకున్న బిడ్డ ఉన్నది. ఆయన పోతే ఇల్లు ఎవరికి?"

"సగం భార్యకు. కడమ సగం తోడబుట్టినోళ్లకు. పెంచుకున్న పిల్లకు ఏం రాదు."

"బతికుండంగనే గిఫ్ట్ రాసిస్తే?"

"రాయచ్చు. కని రిజిస్ట్రార్ ఆఫీసుల ఏమైతరని వరుస అడుగుతరు. కుటుంబమైతే స్టాంపు డ్యూటీ తక్కువ. గా పిల్ల కాయితం మీద బయటి మనిషే, ఎక్కువ పడతది. పోనీ ఇల్లమ్మి పైసలిద్దామంటే, యాభై వేలు దాటినయంటే అదంత ఆ పిల్ల ఆదాయమని పన్ను కట్టుమంటరు. అమ్మినందుకు ఈయనకు వేరే పన్ను. వీలునామా మీద వస్తే పన్నూ లేదు, డ్యూటీ లేదు. ఒక తెల్లకాయితం, ఇద్దరు సాక్షులు. అంతకంటె సులువైన పని లేదమ్మా."

"మొత్తం కొత్తగ రాయాల్నా?"

"కొత్తగనన్న రాయచ్చు. లేకుంటె పాతదానికి ఒక్క వరుస కలిపి, కడమదంత ఖాయం చేస్తున్న అని సంతకం పెట్టినా పాతది మల్ల బతుకుతది. ఎవరాయన? తొందరగ రమ్మను."

"చెప్త సార్."

ఇంటికి నడిచి వస్తుంటే ఒకటే మాట వెంట వచ్చింది. సగం. గేటు తీస్తూ ఇంటిని కొత్తగా చూశాను. ముందు గది, వసారా, వేప చెట్టు నీడ పడే మూల. ఎందుకు అలా చూశానో తెలియదు. ఊరికే చూశాను.

17 ఫిబ్రవరి, ఆదివారం

బియ్యం బస్తాకు జాగా లేక నడిమి గదిలోని పాత ఇనుప పెట్టెను వసారాలోకి జరిపాను. అది భాగ్యవ్వదని నాకు తెలుసు. జరిపితే ఇంత అవుతుందని తెలియదు.

"మా అమ్మ పెట్టె ఎవరు జరిపిన్రు?"

"నేనే. బియ్యానికి జాగ లేదు."

"ఇంట్ల ఏది జరపాలన్నా నన్నడుగుండ్రి. గీ ఇల్లు నాది. మీరు తెలిసే వచ్చిన్రు కదా."

గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధించింది. ఆయన లోపలి నుంచి "సువార్తా" అని పిలిచారు. ఆమె పెట్టెను ఒక్కతే లాక్కుంటూ మళ్లీ లోపల పెట్టింది.

తెలిసే వచ్చాను, నిజమే. ఆమెకు తెలియనిది ఇప్పుడు నాకు ఒకటి తెలుసు.

24 ఫిబ్రవరి

చెప్పలేదు. ఆయనకు ఆయాసం పెరిగింది. మనసుకు కష్టం కలిగించే మాటలు చెప్పొద్దని డాక్టరే అన్నాడు.

2 మార్చి, ఆదివారం

ఆరాధన నుంచి వచ్చి ఆయన వసారాలో కూర్చున్నారు. రెండు మెట్లు ఎక్కడానికే అలిసిపోయారు. బీరువాలోంచి వీలునామా తెమ్మన్నారు. మోకాళ్ల మీద పెట్టుకుని వేలితో చూపిస్తూ చదివారు.

"ఒక్క వరుస కలపాలె. శ్యామల బతికినన్ని దినాలు ముందటి గదిల ఉండాలె, ఎవరూ పొమ్మనొద్దు అని. కడమదంత ఎట్లున్నది అట్లనే. నువ్వే టైపు చేస్కరా, సంతకం పెడ్త. గంగాకిషన్ సార్‌ను సాక్షి పెడ్దాం."

సరే అన్నాను.

ఇది ఆయన నా మేలు కోరి అంటున్న మాట. ఆ ఒక్క వరుస టైపు చేస్తే ఆయన వీలునామా మళ్లీ బతుకుతుంది. ఇల్లంతా సువార్తది, నాకొక గదిలో చోటు. టైపు చేయకపోతే సగం ఇల్లు నాది. ఆయనకు ఇదేమీ తెలియదు. ఆమెకు తెలియదు. ఇంత పెద్ద సంగతి ఈ ఇంట్లో నా ఒక్కదాని చేతిలో ఉంది.

టైపు చేయడానికి పది నిమిషాలు చాలు. రేపు చేస్తాను.

3 మార్చి

ఇవాళ కరెంటు లేదు.

6 మార్చి

ఇవాళ కూడా కరెంటు పోయింది. సాయంత్రం వచ్చింది గాని అప్పటికి ఆఫీసు మూసేశాం.

9 మార్చి, ఆదివారం

"అయిందా శ్యామలా?" అని అడిగారు.

"కరెంటు కోతలు మస్తున్నయండి. ఈ వారంల చేస్త."

"ఎండకాలం కదా," అన్నారు. నమ్మారు. ఎందుకు నమ్మరు.

నేను ఎవరి సొమ్మూ లాక్కోవడం లేదు. ఎవరికీ అబద్ధం కాగితం రాయడం లేదు. చట్టం ఏం చెప్తుందో అదే జరుగుతుంది. అడిగితే చెప్తాను. ఎవరూ అడగలేదు.

11 మార్చి

కరెంటు ఉంది. సార్ పని ఎక్కువ ఇచ్చారు.

14 మార్చి, శుక్రవారం

తెల్లవారి ముఖం కడుక్కుంటూ ఆయన బావి గట్టు మీద కూలబడ్డారు. పెదవులు నీలంగా మారాయి. సువార్త ఆయన్ని చంకల కింద చేతులు వేసి లేపి, ఒక్కతే గేటు దాకా మోసింది. నేను చెప్పులు వెతుకుతూ ఉండిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెప్పులు ఎందుకని.

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. గుండె బాగా పెద్దదయిందట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట.

ఫారంలో రోగికి ఏమవుతారు అనే చోట సువార్త 'కూతురు' అని రాసింది. కౌంటర్ దగ్గర మనిషి ఆశ్చర్యంగా చూడలేదు, ఏమీ అడగలేదు, స్టాంపు వేసి ఇచ్చేశాడు. ఎక్కడా ఎవరూ అడగని చోట ఆమె కూతురే.

16 మార్చి

పెళ్లిళ్ల రోజులు. సువార్త ఆర్డర్లన్నీ కుట్టకుండానే తిరిగి ఇచ్చేసిందట. మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని ఉంటోంది. ఆయన దగ్గితే నాకంటే ముందు లేస్తుంది. నాకు టిఫిన్ తెచ్చి పక్కన పెట్టి, "తినుండ్రి, చల్లారుతది" అంది. పెట్టె గొడవ తర్వాత నాతో ఆమె పలికిన మొదటి మాట.

18 మార్చి, మంగళవారం

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

సువార్త మందుల కోసం కిందికి వెళ్లింది. ఆయన ఆక్సిజన్ గొట్టం కొంచెం పక్కకు జరిపి, "తెచ్చినవా?" అన్నారు.

"లేదండి."

"కరెంటు లేదా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు. నేను దుప్పటి అంచు సర్దాను. ఆయనే మెల్లగా, ఆగి ఆగి చెప్పారు.

"సువార్త దినాం అయిందా అని అడుగుతున్నది. పెట్టె కాడ లొల్లి అయింది సూడు, గా దినమే నా దగ్గర కూసున్నది. నాయినా, నేను నోరు జారిన, ఆమెకు భయం పెట్టిన. ఆమె పేర ఒక వరుస రాయి, రేపు నాకే బుద్ధి మారినా ఆమెకు చోటుండాలె అన్నది. నాకు తట్టలే. నా బిడ్డకు తట్టింది."

నేను ఆయన మంచం పట్టీ పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. ఇక ఆపుకోలేకపోయాను.

"మీ వీలునామా లేదండి. మన పెండ్లి దినమే పోయింది. చట్టం గట్లున్నది. మీరిప్పుడు పోతే సువార్తకు ఇటుక పెళ్ల గూడ రాదు. సగం నాకు, సగం సాలోమోనుకు. ఆ ఒక్క వరుస రాస్తే పాతది నిలబడతది. నాకు తెలిసే రాయలే. కరెంటు ఉన్న దినం గూడ రాయలే."

ఆయన గొట్టం సరిచేసుకుని అడిగారు.

"ఎన్ని దినాలైంది తెలిసి?"

"నలభై మూడు."

"నలభై మూడు దినాలు," అన్నారు. "దినాం నాకు బువ్వ పెట్టినవు."

ఆయన తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. తిట్టలేదు. కళ్లు మూసుకున్నారు. పోయారేమోనని వంగి చూశాను. అప్పుడు కళ్లు తెరవకుండానే అన్నారు, "గంగాకిషన్ సార్‌కు ఫోన్ కొట్టు. రేపే రమ్మను."

19 మార్చి, బుధవారం

దవాఖాన ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కూర్చుని కొత్త వీలునామా నేనే టైపు చేశాను. సార్ ఫోన్లో చెప్తుంటే రాసుకున్న మాటలు. ఇల్లు, మడిగె, స్థలం మొత్తం నేను పెంచుకున్న బిడ్డ సువార్తకు. చివర నా గురించి ఒక వరుస ఉండాలి. దాని దగ్గరికి వచ్చేసరికి వేళ్లు కదలలేదు. నలభై మూడు రోజులు ఆపిన చేతులతో నా పేరు నేనే ఎలా కొట్టుకుంటాను. అక్కడితో పూర్తి చేసి ప్రింటు తీయించాను.

పదకొండింటికి సార్ వచ్చారు. డాక్టరు ఆయన్ని పేరు, ఊరు, ఇవాళ ఏ వారం అని అడిగి, స్పృహలో ఉన్నాడని రాసి సంతకం పెట్టాడు. సాక్షులుగా సార్, హెడ్ నర్సు. సార్ నా వంక చూసి, "చర్చిల ఒకాయన" అని మాత్రం అన్నారు.

ఆయన కళ్లద్దాలు పెట్టించుకుని రెండుసార్లు చదివారు. హద్దుల దగ్గర ఆగారు.

"తూర్పుకు గంగారాం ఇల్లు అని పెట్టిన్రు. అది దేవిదాస్ కొన్నడు పోయిన ఏడే. దిద్దుండ్రి."

సార్ పెన్నుతో దిద్దారు. ఆయన పక్కన పొట్టి సంతకం చేశారు. తర్వాత కింద పూర్తి సంతకం. నా వరుస లేదని అడగలేదు. చూడలేదా, చూసి వదిలేశారా? హద్దు తప్పు పట్టిన మనిషి.

సంతకం అయ్యాక నీళ్లు అడిగారు. సువార్త పక్కనే ఉంది. అయినా గ్లాసు నా చేతిలోంచే తీసుకున్నారు.

23 మార్చి, ఈస్టర్

వార్డులో ఎవరో పాట పాడారు. ఆయన పెదవులు కదిలాయి.

27 మార్చి

ఉదయం ఏడు గంటలకు. ఇద్దరమూ దగ్గరే ఉన్నాం.

6 ఏప్రిల్, ఆదివారం

ఆయన పోయినందుకు చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయింది. జనం వెళ్లిపోయాక సాలోమోను నన్ను వసారా చివరికి పిలిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్న కోసం ఏడ్చిన కళ్లే అవి, అబద్ధం కాదు.

"వదినె, నిజామాబాద్‌ల వకీలును అడిగిన. అన్న పాత వీలునామా మీ పెండ్లితోనే పోయిందట. ఇగ సగం మీది, సగం నాది."

"దవాఖానల కొత్తది రాసిండు."

"రాసిండని విన్న. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషికి ఎంత సోయి ఉంటది? పక్కన ఉన్నది మీరు. ఆయనకు సోయి లేదు, ఏం రాసిన్రో ఎరుకలేదు అని మీరొక్క మాటంటె చాలు. భార్య మాట ఎవరూ కాదనరు."

నేను కూడికకు పరిచిన చాప చుట్టడం మొదలుపెట్టాను.

"గా కాయితంల మీ పేరున్నదా? లేదు కదా. రేపు గా పిల్ల పొమ్మంటె ఎక్కడికి పోతరు? నేను మీకు అన్యాయం చెయ్య వదినె. మీ సగం మీకు రాసిస్త, ముందే రాసిస్త."

వద్దు అని అప్పుడే అనాల్సింది. "జర ఆలోచన చెయ్యనియ్యి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

8 ఏప్రిల్

మళ్లీ అదే. సగం. పెద్ద బజారు వైపు వెళ్లినప్పుడు 'గది అద్దెకు' అన్న బోర్డు కనిపించింది. ఆగి చదివాను. ఫ్యామిలీలకు మాత్రమే.

11 ఏప్రిల్, శుక్రవారం

సాలోమోను వకీలు నోటీసు సువార్తకు వచ్చింది. మడిగె గడప మీద కూర్చుని చదివింది. ఒకచోట వేలు పెట్టి నన్ను అడిగింది. "'సదరు స్త్రీకి మృతునితో ఏ బంధుత్వమూ లేదు' అంటె నా గురించేనా?"

"ఆఫీసు భాష గట్లనే ఉంటది," అన్నాను.

ఇరవై ఏళ్లుగా ఇలాంటి వాక్యాలు నేనే ఎన్ని కొట్టానో. చదివేవాళ్ల ముఖం ఎప్పుడూ చూడలేదు.

ఆయనకు స్పృహ ఉంది. తూర్పు హద్దు దిద్దించారు. ఇది నిజం. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ నాకు నేను వేరేలా చెప్పుకోకుండా.

16 ఏప్రిల్, బుధవారం

సార్ ఆఫీసులో అందరం కూర్చున్నాం. సాలోమోను, అతని వకీలు, సువార్త, నేను. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో కక్షిదారుల కుర్చీలో నేను కూర్చోవడం మొదటిసారి.

సాలోమోను నా వైపే చూస్తున్నాడు. జవాబు ఇవాళ ఇస్తానని చెప్పి ఉన్నాను. వకీలు అడిగాడు.

"అమ్మా, సంతకం పెట్టేటప్పుడు మీ ఆయన పరిస్థితి ఎట్లుండె?"

"సోయిల ఉండె. రెండుసార్లు చదివిండు. తూర్పు హద్దు తప్పు పడితే దిద్దిపిచ్చిండు. సూడుండ్రి, పక్కన సంతకమున్నది. ఎవరూ చెప్పలే, ఆయనే పట్టిండు."

"టైపు చేసింది మీరేనట."

"నేనే."

"ఈ మాట కోర్టుల చెప్తె మీకొచ్చే సగం పోతది. ఎరుకనా?"

"ఎరుకే. ఫిబ్రవరి సంది ఎరుకే."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. సాలోమోను వైపు వంగి అన్నాడు. మెల్లగా అన్నా అందరికీ వినిపించింది. "ఆస్తి పోగొట్టుకునే మనిషే గిట్ల చెప్తుంటే జడ్జి ముందట మనమేం వాదిస్తం? వదిలెయ్."

సాలోమోను లేచాడు. తలుపు దగ్గర ఆగి, "అన్న నా పేరు ఒక్క ముక్కల గూడ రాయలే," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నాకు అతని మీద కోపం రాలేదు.

వాళ్లు వెళ్లాక సార్ సువార్తకు చెప్పారు. వీలునామా మీద వచ్చింది కాబట్టి స్టాంపు డ్యూటీ లేదు, పన్ను లేదు, మరణ ధ్రువపత్రంతో మున్సిపాలిటీలో ఇంటి పన్ను పుస్తకం మీద పేరు మార్పించుకుంటే చాలని. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు.

"నీకిష్టమైతే ఈమె ఉండేటందుకు ఒక కాయితం రాయచ్చు బిడ్డా. రెండు వరుసలే."

"ఇంటికి పోయి మాట్లాడుకుంటం సార్," అంది సువార్త.

20 ఏప్రిల్, ఆదివారం

సువార్త నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం మడిగెలోకి పిలిచింది. జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు పెడుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

"మీ పేర ఒక వరుస రాయమని నాయినకు నేనే చెప్పిన. అందుల లేదు. ఆయన మరిచిండా?"

అవును అంటే అక్కడితో అయిపోయేది. ఆయన లేరు, కాదనేవాళ్లు లేరు.

"లేదు. నేనే కొట్టలే," అన్నాను.

అన్నీ చెప్పాను. లసుమవ్వ వచ్చిన రోజు నుంచి. చట్టం పుస్తకం, సార్‌ను అబద్ధం చెప్పి అడగడం, కరెంటు. సాలోమోనుకు ఆలోచన చేస్తానన్న మాట కూడా. సుద్ద ముక్క గుడ్డ మీద ఆగిపోయింది.

"పెట్టె లొల్లి అయిన దినం గూడ ఎరుకనా?"

"ఎరుకే."

"గీ ఇల్లు నాది అని నేనన్నప్పుడు?"

"ఎరుకే."

"మనసుల నవ్వుకున్నరా?"

"నవ్వలే. కని ధైర్యమైతే వచ్చింది."

ఆమె ముఖం ఎర్రబడింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే కుట్టుమిషను పక్కన కూర్చున్నాను. నా బట్టలు ఎన్ని ఉన్నాయో, ఏ సంచిలో పడతాయో ఆలోచించాను. ముందు గదిలో నావి అని చెప్పుకునేవి పెద్దగా లేవు.

ఎంతసేపటికో వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

"సార్ కాయితం రాయమన్నడు. నేను రాయ."

"రాయొద్దు. నేను అడగ. గది చూసుకుంట, జర టైమియ్యి."

"నేను పొమ్మన్ననా?"

నేను తలెత్తాను.

"ముప్పై ఏండ్ల సంది ఎవరి పిల్లవు, కాయితమేది అనే అడుగుతున్నరు నన్ను. ఇయ్యాల నేను ఒకరికి కాయితం రాసియ్య. నలభై మూడు దినాలు నేను మీ దయ మీద బతికిన, నాకే ఎరుకలేకుంట. ఇగ మీరు నా మాట మీద బతుకుండ్రి. మీరు బతికినన్ని దినాలు గీ ఇంట్ల ఉండుండ్రి. నేను పొమ్మన. కని అది రాసి ఉండదు. భయమైనప్పుడు తీసి చూసుకునేటందుకు మీకు ఏముండదు. గట్ల ఉంటరా?"

ఆమె అడుగుతోందో, శిక్ష వేస్తోందో నాకు అర్థం కాలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

"ఉంట," అన్నాను.

21 ఏప్రిల్, సోమవారం

ఆఫీసుకు వెళ్లాను. రెండు సేల్ డీడ్‌లు, ఒక నోటీసు కొట్టాను.

సాయంత్రం గేటు ముందుకు వచ్చి నిలబడిపోయాను. చేయి గడియ మీద ఉంది, తీయబుద్ధి కాలేదు. మడిగెలో మిషను చప్పుడు ఆగింది. ఆమె కిటికీలోంచి చూసి, "ఇయ్యాల వంట నాదా, మీదా?" అంది.

"నాదే," అని లోపలికి వెళ్లాను.